నాయన నడుము నొప్పి

అరవై దాటిన మగవాడు రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తే మన ఊళ్ళలో దానికి వయసు అని పేరు పెడతాము. నడుము నొప్పి అంటే బరువులు మోసినందుకు అంటాము. గద్వాలలో నలభై ఏండ్లు మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడైనా, వనపర్తి పల్లెల నుండి బొంబాయికి, పూనాకు మట్టిపనికి పోయివచ్చిన పాలమూరు కూలీ అయినా నడుము నొప్పి లేనివాడెవడు? అందుకే చాలామంది బాము రాసుకొని, ఊళ్ళోని ఆర్‌.ఎం.పి. దగ్గర సూది వేయించుకొని నెలలు గడుపుతారు. మూత్రం బిగుసుకుపోయాక కర్నూలు పెద్దాసుపత్రికో, మహబూబ్‌నగర్‌కో, హైదరాబాదుకో తీసుకుపోతే అప్పుడు తెలుస్తుంది, ప్రోస్టేటు కాన్సరు అని, ఎముకలకు కూడా పాకిందని.

ప్రోస్టేటు అనేది మూత్రాశయం క్రింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. మగవారికే ఉంటుంది. వయసుతో అది పెరగడం సహజమే, పెరిగిన ప్రతిదీ కాన్సరు కాదు. కాన్సరయి ఎముకలలోకి వెళ్ళిన తరువాత మాత్రం దానిని పూర్తిగా తీసివేసే వైద్యం లేదు. డాక్టరుగారు ఆ సంగతి చెప్పగానే ఇంటివారు ఒక్క మాట పట్టుకొని తిరిగివస్తారు: “తగ్గదట.” ఆ మాటతో మందులు మూలకు పోతాయి, మంచం వసారాలోకి వస్తుంది.

ప్రియ పాఠకులారా, తగ్గదు అంటే చేయవలసిందేమీ లేదని కాదు. ఈ జబ్బు ఎముకలకు పాకిన తరువాత కూడా ఎంతోమంది సంవత్సరాల తరబడి బ్రతుకుతున్నారు. ఆ సంవత్సరాలు మూలుగుతూ గడుస్తాయా, మనుమలతో మాట్లాడుకుంటూ గడుస్తాయా అన్నది చాలావరకు మన చేతిలో ఉన్నది.

మగతనానికి కారణమైన హార్మోనే ఈ కాన్సరుకు మేత. 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ అనే వైద్యుడు ఈ సంగతి చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మేతను ఆపడానికి ముఖ్యంగా రెండు దారులు: నెలకో, మూడు నెలలకో ఒక ఇంజెక్షను, లేదా వృషణాలను తీసివేసే చిన్న ఆపరేషను. ఇంజెక్షను తప్పకుండా వేయించుకుంటూ ఉండాలి. ఆపరేషను ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చు కూడా తక్కువ. నల్లమల అంచున అచ్చంపేట అవతలి పల్లెవాడికి బస్సు చార్జీలు, పోయిన కూలీ లెక్క వేసుకుంటే ఆపరేషనే నయం కావచ్చు. అయితే ఆ మాట ఎత్తగానే మగవారు తల దించుకుంటారు.

ఈ సిగ్గును గురించి మన పత్రికలలో ఎవరూ రాయరు, కనుక మేము రాస్తున్నాము. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం మొదటి వచనం చదివి, తాను ఇక సంఘంలోకి రాతగనివాడినని లోలోపల కుమిలే పెద్దలు ఉండవచ్చు. వారు యెషయా 56వ అధ్యాయం కూడా చదవాలి. అక్కడ నపుంసకులకు కుమారులకంటె, కుమార్తెలకంటె మేలైన పేరు వాగ్దానం చేయబడింది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో దారిలో బాప్తిస్మం పొందినది ఎవరో కూడా గుర్తు చేసుకోవాలి. కాపరులు ఈ భాగాలను రోగి ప్రక్కన కూర్చుని, తలుపు మూసి, నిదానంగా చదివితే మంచిది.

ఇంజెక్షనైనా ఆపరేషనైనా, తరువాత వచ్చే మార్పులు ఒకటే. ఒంట్లోంచి వేడి ఆవిరి పొంగినట్లయి చెమటలు పడతాయి, నెలసరి ఆగే వయసులో ఆడవారికి వచ్చినట్లే. కండ తగ్గుతుంది, పొట్ట పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి, షుగరు రావచ్చు. భార్యమీద కోరిక పోతుంది. ఊరికే కోపం వస్తుంది, కన్నీళ్ళు కూడా వస్తాయి. ముందుగా చెప్పకపోతే భార్య తన మీద ప్రేమ పోయిందనుకుంటుంది. ఆయన తన బుద్ధి చెడిందనుకుంటాడు. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళి, ఇద్దరూ వినడం మంచిది. రోజూ ఓపిక ఉన్నంత నడక, రాగి అంబలి, కాస్త ఎండ మేలు చేస్తాయి. బరువులు మాత్రం ఎత్తకూడదు. గుల్లబారిన ఎముక చిన్న జారుడుకే విరుగుతుంది.

కొంతకాలానికి ఈ వైద్యానికి జబ్బు లొంగదు. అప్పుడు అబిరాటెరోన్ వంటి మాత్రలు ఉన్నాయి. వాటితోపాటు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడు మాత్ర కూడా ఇస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక. స్వస్థత కూటానికి వెళ్ళివచ్చి, విశ్వాసానికి గుర్తుగా మాత్రలన్నీ ఒక్కసారి పారవేయడం చాలా ప్రమాదం. స్టెరాయిడును హఠాత్తుగా ఆపితే మనిషి కుప్పకూలిపోవచ్చు. హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు, యెషయా ఆయన పుండుకు అంజూరపు ముద్ద కట్టించాడు. ఒకే అధ్యాయంలో రెండూ ఉన్నాయి.

ఇక నొప్పి. రోగిని అన్నిటికంటె ఎక్కువ కృంగదీసేది ఇదే. ఎముకలోని నొప్పి రాత్రివేళ ఎక్కువవుతుంది, మామూలు మాత్రకు లొంగదు. ఒకే చోట నొప్పి ఉంటే చాలామందికి ఒక్కసారి రేడియేషను ఇస్తేనే కొద్ది వారాలలో తగ్గుతుంది. ఒళ్ళంతా ఉంటే మార్ఫిన్ ఉన్నది. మార్ఫిన్ పేరు వినగానే మనవారు నల్లమందు అని భయపడతారు. డాక్టరు చెప్పిన మోతాదులో కాన్సరు నొప్పికి వాడినవారు మత్తుకు బానిసలు కావడం అరుదు. మలబద్ధకం మాత్రం తప్పదు, దానికి మొదటి రోజు నుండే మందు అడగాలి. ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడం సులభం కావాలని 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇంత జరిగాక కూడా మన పెద్దాయనకు మనం ‘ఓర్చుకో’ అని చెప్పడం మాకు న్యాయంగా తోచదు. యోబు కూడా మౌనంగా ఓర్చుకోలేదు కదా!

ఎక్కడికి వెళ్ళాలి? హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్‌.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికే ప్రత్యేక విభాగం ఉన్నది. దానికి అనుబంధంగా కూకట్‌పల్లిలో కుముదినీదేవి పేరిట ఒక ఉపశమన కేంద్రం నడుస్తున్నది. ఆ పేరు వనపర్తివారికి కొత్త కాదు. కుముదినీదేవి వనపర్తి సంస్థానపు రాణి, వనపర్తి శాసనసభ్యురాలు, 1962లో హైదరాబాదు తొలి మహిళా మేయరు. కుష్ఠురోగుల కోసం 1958లో ఆమె మొదలుపెట్టిన శివానంద ఆశ్రయం కూడా కూకట్‌పల్లిలోనిదే. అంత దూరం పోలేనివారు ముందు జిల్లా ఆసుపత్రిలో ‘ఆలన’ అని అడగాలి. మంచం పట్టినవారి ఇంటికే నర్సును పంపే ప్రభుత్వ ఏర్పాటు అది. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, కనుక దారి మునుపటికంటె దగ్గరయింది. ఆరోగ్యశ్రీ 2007లో తొలిగా మొదలైన మూడు జిల్లాలలో మన పాత మహబూబ్‌నగర్ ఒకటి. కార్డు, పాత చీటీలు, స్కాను కాగితాలు ఒకే సంచిలో పెట్టుకొని వెళ్ళండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. నడుము నొప్పితోపాటు కాళ్ళు బలహీనమైనా, మొద్దుబారినా, మూత్రం ఉన్నట్లుండి ఆగినా, వెన్నుపాము నలుగుతున్నదేమో అని అనుమానించాలి. అదే రోజు ఆసుపత్రికి చేరితే నడక నిలబడే అవకాశం ఉన్నది. రెండు రోజులు ఆగితే ఆ కాళ్ళు తిరిగి రాకపోవచ్చు. ఆదివారం ఆరాధన అయ్యాక పోదామని కూడా ఆగవద్దు.

మరొక సంగతి. కొడుకులు పూనాలోనో, హైదరాబాదులోనో ఉండి, ‘నాయనకు చెప్పొద్దు, బెంగపడతాడు’ అని ఫోనులో అంటారు. ఆయనకు చాలావరకు తెలిసే ఉంటుంది. చెప్పకపోతే పొలం కాగితాల సంగతి, కూతురికి ఇవ్వదలచినది, ఏ ఊళ్ళో పాతిపెట్టాలో, ఇవన్నీ ఆయన నోటిలోనే ఉండిపోతాయి. ఎంత తెలుసుకోవాలని ఉన్నదో ఆయననే అడగండి.

సంఘ పెద్దలకు ఒక చిన్న మనవి. మన పల్లె మందిరాలలో చాపమీద కూర్చుంటాము. నడుము ఎముక పాడైన మనిషి చాపమీద కూర్చోలేడు. మూత్రపు సంచి తగిలించుకున్నవాడు నలుగురి మధ్యకు రావడానికి సిగ్గుపడతాడు, అందుకే మానేస్తాడు. తలుపు దగ్గర, గోడవారన, చేతులున్న కుర్చీ ఒకటి వేయండి. సంచి కుర్చీ క్రింద ఉంటుంది, మీద కండువా కప్పుకుంటే కనిపించదు. ప్రసంగం గంటన్నర సాగే మందిరమైతే ఆయన మధ్యలో లేచి బయటికి వెళ్ళినా ఎవరూ తిరిగి చూడకుండా ఉంటే చాలు.