చల్లబడితే ముడుచుకునే గొలుసు

వార్షికోత్సవం స్టేజీ అక్షరాలు కత్తిరించగా మిగిలిన థర్మాకోల్ ముక్కలు మన హాస్టల్ వరండాలో ఎన్నో రోజులు ఎగురుతుంటాయి. ఆ థర్మాకోల్ అసలు పేరు పాలిస్టైరీన్. స్టైరీన్ అనే చిన్న అణువులు వేలు, లక్షల సంఖ్యలో ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటే ఒక పొడవాటి గొలుసు తయారవుతుంది. ఇలాంటి గొలుసులనే పాలిమర్లు అంటారు.

మిత్రులారా, అలాంటి గొలుసు ద్రవంలో కర్రలా నిటారుగా ఉంటుందనుకుంటే పొరపాటే. గద్వాల మగ్గాల దగ్గర కండె నుంచి జారి చిక్కుపడ్డ పట్టు పోగును చూడండి. అలా వదులుగా, మధ్యమధ్య ఖాళీలతో ఉంటుంది. ఆ ఖాళీల నిండా ద్రవమే. అయితే పోగు కదలదు. గొలుసు మాత్రం క్షణం ఊరుకోదు. ద్రవ అణువులు తోస్తుంటే మెలికలు తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ రెండు పోటీ పడతాయి. గొలుసులోని లంకెలకు ఒకదాని పక్కన ఒకటి చేరాలని ఆకర్షణ. వేడి వల్ల వచ్చే గందరగోళపు కదలిక వాటిని చెదరగొడుతుంది. వేడిగా ఉన్నప్పుడు కదలికదే పైచేయి. చల్లబరిస్తే ఆకర్షణ గెలుస్తుంది. గొలుసు తన మీద తానే పడి గట్టి ఉండగా మారుతుంది.

సైక్లోహెక్సేన్ అనే ద్రవంలో పాలిస్టైరీన్‌కు ఈ రెండూ సమానమయ్యేది సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర. దీన్ని థీటా ఉష్ణోగ్రత అంటారు. ఈ సిద్ధాంతానికి పునాది వేసిన పాల్ ఫ్లోరీకి 1974లో నోబెల్ బహుమతి వచ్చింది. మన పాలమూరు మే నెల మధ్యాహ్నం 35 దాటుతుంది, డిసెంబర్ తెల్లవారుజామున బాగా కిందికి దిగుతుంది. అంటే ఈ ద్రావణం సీసాలో పోసి వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో కిటికీలో పెడితే రెండు స్థితులూ కాలమే చూపిస్తుంది. (సైక్లోహెక్సేన్ చటుక్కున అంటుకుంటుంది, ఎవరూ ప్రయత్నించవద్దు.)

ఎంత ముడుచుకుంటుంది? 10 లక్షల లంకెల గొలుసు తీసుకోండి. థీటా దగ్గర దాని వెడల్పు వర్గమూలం లెక్కన సుమారు 1000 లంకెలంత. పూర్తిగా ఉండకడితే ఘనమూలం లెక్కన సుమారు 100. వెడల్పు పదో వంతు, ఘనపరిమాణం వెయ్యో వంతు! వేడికి వ్యాకోచం, చలికి సంకోచం అని మనం బట్టీపట్టిన వాక్యం ఇక్కడ సరిపోదు. చల్లబడిన ఇనుప కడ్డీ వెంట్రుకవాసి తగ్గుతుంది, అంతే. చలికి మనం దుప్పట్లో ముడుచుకోవడంతో పోల్చినా ఆకారం వరకే. గొలుసుకు చలి వేయదు కదా.

దీన్ని కళ్లకు కట్టడమే కష్టమైంది. చల్లబరిస్తే గొలుసులు ఒకదానికొకటి కూడా అతుక్కుంటాయి, ద్రావణం పాలలా తెల్లబడుతుంది. అందుకే గొలుసులు కలుసుకోలేనంత పలుచటి ద్రావణం కావాలి. 1980లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో తొయోఇచి తనాకా బృందం అలాంటి ద్రావణంలోకి లేజర్ కాంతి పంపింది. ఉండ చిన్నదైతే ద్రవంలో వేగంగా కదులుతుంది. చెదిరివచ్చిన కాంతిలోని మినుకులను బట్టి ఆ వేగాన్ని, దాన్నిబట్టి పరిమాణాన్ని లెక్కగట్టారు.

హాస్టల్లో ఉడికించే గుడ్డులో జరిగేది వేరు. తెల్లసొనలోని ప్రోటీన్ గొలుసులు ముందే ఉండలుగా ఉంటాయి. వేడికి విప్పుకొని, పక్కవాటితో పెనవేసుకుని గడ్డకడతాయి. ఎంత చల్లార్చినా మళ్లీ విడి ఉండలు కావు. పాలిస్టైరీన్ గొలుసు మాత్రం వేడిచేస్తే మళ్లీ విప్పుకుంటుంది.