పాత ఆటకు క్రొత్త జ్ఞాపకము

అక్షరమునకు ఆధారము కావలెను. శిలపై చెక్కిన శాసనమును చెరపుట కష్టము. పలకపై బలపముతో వ్రాసినదానిని తడిగుడ్డతో తుడిచి మరల వ్రాయవచ్చును. ఈ రెండు విధములైన వ్రాతలును నేటి విద్యుద్యంత్రములలో సైతము కలవు. మొదటిదాని స్థానమున రెండవదానిని నిలుపు విద్య యొకటి కలదు. పాత వీడియో ఆటలు దానివలన మరల ప్రాణము పోసికొనుచున్నవి.

1983లో జపాను దేశమున నింటెండో సంస్థ ఫ్యామికామ్ అను ఆటయంత్రమును వెలువరించెను. 1985లో అదియే ఎన్.ఇ.ఎస్. అను పేర అమెరికాలో అడుగుపెట్టెను. టెలివిజనుకు తగిలించు ఆ యంత్రమునకు ఒక్కొక్క ఆటయు ఒక్కొక్క ప్లాస్టిక్ పెట్టెలో వచ్చెడిది. దానిని కార్ట్రిడ్జి యందురు. విప్పి చూచినచో లోపల సర్క్యూట్ బోర్డును, దానిపై నల్లని చిప్పులును కనబడును. ఆటను నడుపు ఆజ్ఞలను దాచియుంచు చిప్పునకు మాస్క్ రోమ్ అని పేరు. అందలి వ్రాత, చిప్పు కర్మాగారమున తయారగునపుడే అచ్చుపడును. అది శిలాశాసనము వంటిది, దిద్దుటకు వీలులేదు.

అట్టి చిప్పు చెడినచో ఔత్సాహికులు ఈప్రోమ్ అను వేరొక జాతి చిప్పును ఆశ్రయింతురు. 1971లో ఇంటెల్ సంస్థయందు డావ్ ఫ్రోమన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని కనిపెట్టెను. దీని నడినెత్తిన స్ఫటికపు కిటికీ యొకటి యుండును. అతినీలలోహిత కిరణములు కొంతసేపు సోకినచో లోని వ్రాత సమస్తము తుడిచిపెట్టుకొని పోవును. పిదప విద్యుత్తుతో క్రొత్తగా వ్రాయవచ్చును. వ్రాసిన తరువాత వెలుతురు సోకకుండ కిటికీపై కాగితము నంటింతురు. ఇదియే పలకవ్రాత.

అయినచో పాతదానిని తీసి క్రొత్తదానిని పెట్టిన చాలదా? చాలదు. చిక్కంతయు చిప్పుల కాళ్లలో నున్నది. 128 కిలోబైట్ల చిప్పులో 1,31,072 గదులుండును. రెండును పదునేడు మారులు హెచ్చవేసిన వచ్చు సంఖ్య యిదియే. కావున ఏ గది కావలయునో తెలుపుటకు 17 కాళ్లు, గదిలోని విషయమును వెలికిచ్చుటకు 8, విద్యుత్తునకు 2, చిప్పును మేల్కొలుపుటకు 1, వెరసి 28. నింటెండో వాడిన ఈ పరిమాణపు మాస్క్ రోములలో పెక్కింటికి ఇన్నియే కాళ్లు. అంతే పరిమాణముగల 27సి010 అను ఈప్రోమునకు మాత్రము 32 కాళ్లు. విషయమును వెలికిచ్చుటకు అనుమతి కోరునది ఒకటి, వ్రాతపనికి రెండు, పనిలేనిది ఒకటి అదనము.

క్రొత్త చిప్పును బోర్డుపై నిలిపినచో పైభాగమున నాలుగు కాళ్లు రంధ్రములు లేక వెలుపల మిగులును. అంతకంటె పెద్ద చిక్కు 24వ కాలిది. అచ్చట బోర్డు పదునేడవ చిరునామా తీగను పంపగా, చిప్పు అనుమతికై ఎదురుచూచును. అందుచే ఆ కాలిని పైకి వంచి గ్రౌండునకు కలుపుదురు. ఆ రంధ్రమునుండి సన్నని తీగను 2వ కాలికి తెచ్చి టంకము పెట్టుదురు. 1, 31, 32 కాళ్లకు విద్యుత్తు నందింతురు. ఒక్క తీగ తప్పినను, యంత్రము ఒక పుట నడుగగా చిప్పు వేరొక పుటను చూపును.

ఆటవస్తువునకు ఇంత శ్రమ యేల యని కొందరడుగవచ్చును. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని 2023లో అచ్చటి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ తేల్చెను. షిగెసాతో ఇతోయి రచించిన 'మదర్' అను ఆట 1989లో జపానులో వెలువడెను. దాని ఆంగ్లానువాదము 1990లోనే పూర్తియైనను విక్రయమునకు రాలేదు. పరీక్షకై చేసిన కార్ట్రిడ్జి యొకటి ఔత్సాహికుల చేత చిక్కగా, వారు చిప్పులలోని వ్రాతను చదివి భద్రపరచిరి. నింటెండో తానుగా ఆ యనువాదమును వెలువరించినది 2015లో! చిప్పును చదువు నేర్పు లేకున్నచో ఆ నడిమి కాలమున ఆ రచన ఆంగ్ల పాఠకులకు అందకయే యుండెడిది.

ఈ విద్యకును ధర్మము కలదు. బాగుగా నున్న కార్ట్రిడ్జిని బోర్డుకొరకై చెరచుట తగదు. తాళపత్రమును గీకి వేరొక కావ్యమును వ్రాయుట జీర్ణోద్ధరణము కానేరదు. ప్రతిని మూలమని నమ్మించి అమ్ముట వంచన. ఆటపై హక్కులు కలవారి హక్కులును గౌరవింపవలసినవే.

క్రొత్త చిప్పును శాశ్వతము కాదు. దశాబ్దములు గడచునప్పటికి అందలి విద్యుదావేశము మెల్లమెల్లగా సడలిపోవును. అప్పుడు మరల నొకరు పూనుకొని వ్రాయవలెను. తాటియాకు శిథిలము కాకమునుపే మరియొక ప్రతి వ్రాసిన లేఖకుల ఓపికయే మన కావ్యములను నిలిపినది. యంత్రము మారినను ఆ ఓపిక అవసరము మారలేదు.