ఇలా ఎక్కి.. అలా దిగొచ్చు!
రెండు దీవుల మధ్య రెండు నిమిషాల విమానం

కిళ్లీ వేసుకుని నమలడం మొదలుపెట్టేలోపే విమాన ప్రయాణం అయిపోతే..? స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో జరిగేది ఇదే. వెస్ట్రే దీవిలో పైకి లేచిన విమానం పక్కనున్న పాపా వెస్ట్రేలో దిగడానికి రెండు నిమిషాలు చాలు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లే. పెద్ద నగరాల్లో ఒక్క రన్‌వేనే దాదాపు అంత పొడవుంటుంది! వేళల ప్రకారం నడిచే విమాన సర్వీసుల్లో ప్రపంచంలోకెల్లా చిన్నది ఇదేనని గిన్నిస్ బుక్కులోకీ ఎక్కింది.

53 సెకన్లలోనే..

లోగన్ఎయిర్ సంస్థ 1967లో ఈ సర్వీసు మొదలుపెట్టింది. విమానంలో ప్రయాణికులు ఎనిమిది మంది, పైలట్ ఒక్కరే. ఎయిర్ హోస్టెస్‌లు ఉండరు. పైలట్ పక్క సీట్లోనూ ప్రయాణికుడు కూర్చోవచ్చు. గాలివాటం కలిసొస్తే రెండు నిమిషాలు కూడా పట్టదు. స్టువర్ట్ లింక్లేటర్ అనే పైలట్ ఓసారి 53 సెకన్లలోనే దింపేశారు. 2013లో రిటైరయ్యేనాటికి ఆయన ఈ దారిలో 12 వేలకు పైగా సార్లు విమానం నడిపారు.

సరదా కోసం కాదు

ఇంత దగ్గరకి విమానమెందుకు అనిపించొచ్చు. పాపా వెస్ట్రేలో ఉండేది వంద మంది లోపే. పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా, ఆఫీసుల్లో పనున్నా ఆర్క్నీ ముఖ్య పట్టణం కిర్క్‌వాల్‌కు పోవాల్సిందే. కిర్క్‌వాల్‌లో బయల్దేరిన విమానం పల్లెవెలుగు బస్సులా ఒక దీవిలో ఆగి, ఇంకో దీవికి వెళుతుంది. ఆ మధ్య ముక్కే ఈ రెండు నిమిషాల ప్రయాణం. డాక్టర్లు, టీచర్లు, పోలీసులు, విద్యార్థులు దీన్నే నమ్ముకున్నారు. పడవ కూడా ఉంది. దానికి 25 నిమిషాలు పడుతుంది, సముద్రం పోటెత్తితే అదీ కదలదు. మంచు కమ్మితే విమానానిదీ అదే పరిస్థితి. ఆ రోజు దీవికి రావాల్సిన డాక్టరూ ఆగిపోవాల్సిందే.

పర్యాటకులకు మాత్రం ఇదో ముచ్చట. అయిదు వేల ఏళ్లనాటి రాతి ఇళ్లను చూడ్డానికి పాపా వెస్ట్రే వచ్చేవాళ్లు విమానం ఎక్కినందుకు సర్టిఫికెట్ కూడా పట్టుకెళ్తారు.

యానాం వాళ్లకు ఈ బాధ తెలిసిందే. 2002లో ఎదుర్లంక వారధి వచ్చేదాకా ఎదురుగా కనిపించే ఒడ్డుకు చేరాలన్నా గౌతమి గట్టున పడవ కోసం నిలబడాల్సి వచ్చేది. ఇక్కడ వారధి చేసిన పనే అక్కడ ఎనిమిది సీట్ల విమానం చేస్తోంది.