హంసక్షీర న్యాయం – తుమ్మలపల్లె యురేనియం

పాలనూ నీటినీ కలిపి ఉంచితే హంస పాలను మాత్రమే గ్రహిస్తుందని పెద్దలు చెబుతారు. కలగలిసిన వాటిని విడదీసే నేర్పునకు అది ప్రతీక. ఆధునిక యుగంలో ఆ నేర్పు రసాయన శాస్త్రానికి అబ్బింది. అందుకు నిదర్శనాలు కడప జిల్లాలోనే కనిపిస్తాయి.

ప్రొద్దుటూరు బంగారు వ్యాపారానికి పేరెన్నికగన్న పట్టణం. బంగారాన్ని శుద్ధి చేసే పద్ధతులలో ఒకటి ఎంతో పాతది. వెండి పాలు ఎక్కువగా ఉన్న బంగారాన్ని నత్రికామ్లంలో వేస్తే వెండి కరుగుతుంది, బంగారం మిగులుతుంది. ఆ ద్రావణంలో రాగిరేకు ఉంచితే కరిగిన వెండి మళ్ళీ లోహంగా బయటపడుతుంది. ఒకదానిని కరిగించడం, కరిగిన దానిని తిరిగి రాబట్టడం – లోహాలను వేరుచేసే విద్యకు ఈ రెండే మూలసూత్రాలు.

పులివెందుల సమీపాన వేముల మండలంలోని తుమ్మలపల్లెలో ఈ సూత్రాలకే కఠినమైన పరీక్ష ఎదురయింది. అక్కడి రాతిలో యురేనియం ఉంది. కాని వెయ్యి కిలోల రాతిలో అర కిలో అయినా లేదు. జార్ఖండ్‌లోని జాదూగూడలో ఖనిజాన్ని గంధకికామ్లంతో కరిగించే పద్ధతి 1960ల నుండి అమలులో ఉంది. తుమ్మలపల్లెలో అది పనికిరాలేదు. కారణం ఆ రాతి స్వభావమే. జమ్మలమడుగు ప్రాంతపు సున్నపురాతిపై ఆమ్లపు చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. రాతిలోని కార్బొనేటు ఆమ్లాన్ని హరించివేస్తుంది. తుమ్మలపల్లె రాయి కూడా ఆ జాతికి చెందినదే. అక్కడ ఆమ్లం పోస్తే అది యురేనియాన్ని చేరకముందే రాతికి ఆహారమవుతుంది.

అందువల్ల శాస్త్రజ్ఞులు క్షారమార్గాన్ని ఎన్నుకొన్నారు. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నిర్మించిన కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో అది ప్రారంభమయింది. రాతిని మెత్తగా నూరి, సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంతో కలిపి, మూసిన పాత్రలలో సుమారు 125 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆక్సిజన్ పీడనంలో ఉంచుతారు. ఆక్సిజన్ యురేనియాన్ని కరిగే రూపానికి మారుస్తుంది. కార్బొనేటు దానిని పట్టి ద్రావణంలోకి తెస్తుంది. దీనినే క్షార నిక్షాళనం అంటారు. ద్రావణాన్ని వడగట్టి కాస్టిక్ సోడా కలిపితే సోడియం డైయురేనేట్ పసుపుపచ్చని అవక్షేపంగా అడుగుకు దిగుతుంది. దీనినుండే అణువిద్యుత్తుకు కావలసిన ఇంధనం తయారవుతుంది. 1971లో స్థాపితమైన హైదరాబాదులోని అణు ఇంధన సంస్థ ఆ పనికే ఏర్పడింది.

అయితే కథ ఇంతటితో ముగియదు. యురేనియాన్ని తీసివేసినా దాని నుండి పుట్టిన థోరియం, రేడియం వంటి మూలకాలు బురదలోనే ఉండిపోతాయి. ఖనిజపు రేడియోధార్మికతలో 80 శాతానికి పైగా ఆ వ్యర్థంలోనే నిలిచి ఉంటుంది. రేడియం సగానికి తగ్గడానికే సుమారు 1600 సంవత్సరాలు పడుతుంది. ఆ వ్యర్థాన్ని టెయిల్‌పాండ్ అనే చెరువులో నిలువచేస్తారు. తమ బోర్ల నీరు చెడిపోయిందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని కె.కె. కొట్టాల వంటి సమీప గ్రామాల రైతులు మొరపెట్టుకొన్నారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. చెరువు వల్ల కాలుష్యం లేదని సంస్థ వాదించింది.

ఈ వివాదంలో సత్యాన్ని తేల్చవలసింది కూడా రసాయన శాస్త్రమే. కార్బొనేటు యురేనియాన్ని కర్మాగారంలోనే కాదు, భూగర్భజలంలోనూ కరిగించి ఉంచగలదు. కనుక బావుల నీటిని తరచుగా పరీక్షించాలి. తాగే నీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములకు మించి యురేనియం ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. నీటిలోని యురేనియాన్ని అయాన్ వినిమయ రెసిన్లతో పట్టవచ్చు. సల్ఫేటు ఉన్న వ్యర్థజలంలో బేరియం క్లోరైడు కలిపితే రేడియం బేరియం సల్ఫేటుతో కలిసి అడుగుకు చేరుతుంది. సున్నం కలిపి అనేక భారలోహాలను అవక్షేపింపజేయవచ్చు. కాని వేరుచేసినంత మాత్రాన విషం నశించదు. ఒకచోటి నుండి మరొకచోటికి చేరుతుంది. చేరినచోట దానిని తరతరాలు భద్రంగా కాపాడాలి.

హంస పాలను గ్రహించి నీటిని విడిచిపెట్టినా ఎవరికీ హాని లేదు. మానవుడు లోహాన్ని గ్రహించి విడిచినది మాత్రం పొరుగువాని బావిని చేరవచ్చు. తీసుకొన్నదానికి విలువ కట్టినట్లే, మిగిల్చినదానికి బాధ్యత వహించినప్పుడే ఆ విద్య వివేకమనిపించుకొంటుంది.