తంజావూరు: దర్శనీయ స్థలములు, భోజనము, సంగీతము

తంజావూరు తమిళనాడు రాష్ట్రములో కావేరీ నదీ పరీవాహక ప్రాంతములో ఉన్న ఒక చారిత్రక నగరము. చోళులు, నాయకులు, మరాఠాలు దీనిని రాజధానిగా చేసుకొని పాలించారు. 16వ శతాబ్దము నుండి 19వ శతాబ్దము వరకు తెలుగు సాహిత్యమునకు, సంగీతమునకు ఈ నగరము ముఖ్య కేంద్రముగా ఉన్నది. అందుచేత తెలుగువారికి ఈ యాత్ర తమ భాషాచరిత్రలో ఒక భాగమును చూసి రావడము కూడా అవుతుంది. తిరుచిరాపల్లి నుండి రైలు, బస్సు మార్గములలో ఇక్కడికి సులభముగా చేరవచ్చును.

బృహదీశ్వరాలయము

మొదటి రాజరాజ చోళుడు నిర్మించిన ఈ శివాలయము 1010లో పూర్తయినది. దీని విమానము ఎత్తు సుమారు 66 మీటర్లు. 1987లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. విమానము నీడ నేలపై పడదని ఒక నమ్మకము ప్రచారములో ఉన్నది కాని అది నిజము కాదు. ఆలయ గోడలపై ఉన్న శాసనములలో దానముల వివరములతో పాటు ఆలయ సేవకు నియమింపబడిన సుమారు 400 మంది నర్తకీమణుల పేర్లు కూడా ఉన్నవి. గర్భగుడి చుట్టూ ఉన్న లోపలి ప్రదక్షిణ మార్గములో నాయకుల కాలపు చిత్రముల క్రింద చోళుల కాలపు చిత్రములు ఉన్నట్లు 1931లో కనుగొన్నారు. ఆవరణలోని రాతిబండలు ఎండకు బాగా వేడెక్కుతాయి కనుక ఉదయము గాని, సాయంకాలము గాని వెళ్ళుట మంచిది.

రాజభవనము, సరస్వతీ మహలు

నాయకులు ప్రారంభించిన రాజభవనమును మరాఠాలు విస్తరింపజేశారు. ఇందులోని కళాప్రదర్శనశాలలో చోళుల కాలపు కంచు విగ్రహములు ఉన్నవి. రఘునాథ నాయకుడు స్వయముగా తెలుగు కవి, వైణికుడు. చేమకూర వేంకటకవి, రామభద్రాంబ, మధురవాణి ఆయన ఆస్థానమునకు చెందినవారు. విజయరాఘవ నాయకుని ఆస్థానములో రంగాజమ్మ ప్రసిద్ధి చెందినది. మరాఠా రాజైన శాహజీ కూడా తెలుగులో యక్షగానములు రచించాడు.

రాజభవన ఆవరణలోనే సరస్వతీ మహలు గ్రంథాలయము ఉన్నది. రెండవ శరభోజి (పాలన 1798-1832) దీనిని బాగా అభివృద్ధి చేశాడు. సంస్కృతము, తమిళము, తెలుగు, మరాఠీ భాషల వ్రాతప్రతులు ఇక్కడ భద్రపరచబడినవి. దక్షిణాంధ్ర యుగపు తెలుగు రచనలు పెక్కు నేటికి మిగిలి ఉండుటకు ఈ గ్రంథాలయము ఒక ముఖ్య కారణము. సందర్శకుల కొరకు చిన్న ప్రదర్శనశాల కూడా ఉన్నది.

సంగీతము

తంజావూరుకు సుమారు 13 కిలోమీటర్ల దూరములో కావేరీ తీరమున తిరువైయారు ఉన్నది. త్యాగరాజు 1847లో పుష్య బహుళ పంచమి నాడు ఇక్కడ సిద్ధి పొందాడు. ప్రతి సంవత్సరము ఆ తిథి నాడు, సాధారణముగా జనవరి నెలలో, ఆరాధనోత్సవము జరుగుతుంది. వందలాది గాయకులు, వాద్యకారులు కలసి కూర్చుని పంచరత్న కీర్తనలు ఆలపిస్తారు. వీటిలో మొదటిది సంస్కృతములోను, మిగిలిన నాలుగు తెలుగులోను ఉన్నవి.

ఇక్కడి సమాధి మందిరమును బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) తన సొంత ధనముతో 1920లలో నిర్మింపజేసింది. ఆ రోజులలో ఆరాధనలను నిర్వహించే వర్గములు స్త్రీలను పాడనిచ్చేవి కావు. ఆమె స్త్రీలతో వేరుగా ఆరాధన నడిపింది. 1940 ప్రాంతములో ఈ వర్గములు ఏకమైన తరువాత స్త్రీ పురుషులు ఒకే ఉత్సవములో పాల్గొనుట మొదలైనది. సమాధికి అభిముఖముగా ఆమె విగ్రహము ఉన్నది. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రచురించినది కూడా ఈమెయే. 1911లో ఆ ప్రచురణపై ప్రభుత్వము నిషేధము విధించగా, 1947లో అది తొలగింపబడినది.

తంజావూరు సమీపములోని మేలట్టూరులో నరసింహ జయంతి సందర్భముగా భాగవతమేళ నాటకములు ప్రదర్శిస్తారు. ఇవి తెలుగు నాటకములు. ప్రదర్శించేవారు, చూసేవారు చాలావరకు తమిళనాడు వారే. పనస కొయ్యతో తయారగు తంజావూరు వీణ కూడా ప్రసిద్ధము. వీణలు తయారుచేసే శిల్పులు నేటికీ నగరములో ఉన్నారు.

భోజనము

అరటి ఆకులో వడ్డించే శాకాహార భోజనము ఈ ప్రాంతపు ప్రత్యేకత. అన్నములోకి సాంబారు, రసము, కూర, అప్పడము, పెరుగు వడ్డిస్తారు. సాంబారు మరాఠాల కాలములో తంజావూరులోనే పుట్టినదని ఒక కథ ఉన్నది కాని దానికి గట్టి ఆధారము లేదు. ఇడ్లీ, దోసెలతో తినే కడప్ప అనే పెసరపప్పు, బంగాళాదుంపల కూర ఈ జిల్లాలకు ప్రత్యేకము. తిరువైయారులో పెసరపప్పుతో చేసే అశోకా హల్వా పేరుపొందినది. నీళ్ళు కలపని చిక్కటి పాలతో చేసే కుంభకోణము డిగ్రీ కాఫీని ఇత్తడి డవరా గ్లాసులలో అందిస్తారు. భోజనానంతరము కుంభకోణము తమలపాకుల తాంబూలము వేసుకొనుట ఇక్కడి వాడుక.

సందర్శకులకు సూచనలు

నగరమునకు ఒక రోజు, తిరువైయారుకు ఒక పూట కేటాయించిన ముఖ్యమైనవన్నీ చూడవచ్చును. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణము కొంత చల్లగా ఉంటుంది కాని నవంబరు, డిసెంబరులలో ఈశాన్య ఋతుపవనముల వలన వానలు కురుస్తాయి. ఆరాధన రోజులలో తిరువైయారులో రద్దీ ఎక్కువ కనుక బసను ముందుగా తంజావూరులో ఏర్పాటు చేసుకొనుట మేలు.