బేస్‌బాల్, మందులు, మన పిల్లలు

కెనడాకి వచ్చిన కొత్తలో మనలో చాలామందికి బేస్‌బాల్ అంటే క్రికెట్‌కి దూరపు చుట్టం. వికెట్లు లేవు, ఓవర్లు లేవు, బంతిని కొట్టగానే బ్యాటు అవతల పారేసి పరుగెత్తడం ఏమిటో బోధపడేది కాదు. 1992లోనూ, 1993లోనూ టొరాంటో బ్లూ జేస్ వరసగా వరల్డ్ సిరీస్ గెలిచేసరికి ఆ చుట్టరికం కాస్త దగ్గరయింది. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకైతే అది సొంత ఆటే. 2025లో బ్లూ జేస్ మళ్ళీ వరల్డ్ సిరీస్ ఏడో ఆట దాకా వెళ్ళి డాడ్జర్స్ చేతిలో ఓడిపోయినప్పుడు పిల్లలతోపాటు పెద్దలమూ దిగాలుపడ్డాం.

అందుచేత ఈ ఆటలో శక్తి పెంచే మందులు వాడారని ఆటగాళ్ళని సస్పెండ్ చేయడం మనకి సంబంధం లేని వార్త కాదు. వృత్తిరీత్యా మందుల చీటీలు రాసేవాణ్ణి కనుక, పండగ సంచికలో దీని గురించి నాలుగు మాటలు చెప్పుకుంటే మంచిదనిపించింది.

ఒక్క ఆట ఆడాక

2024 జూన్ 21న ఒరెల్విస్ మార్టినెజ్ అనే 22 ఏళ్ళ కుర్రవాడు బ్లూ జేస్ తరఫున మొట్టమొదటిసారి మేజర్ లీగ్‌లో ఆడాడు. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి, పదహారేళ్ళకే ఈ క్లబ్బుతో ఒప్పందం చేసుకుని, ఏళ్ళ తరబడి కింది లీగుల్లో శ్రమపడితే వచ్చిన అవకాశం అది. ఆ రోజు ఒక హిట్ కూడా కొట్టాడు. జూన్ 23న అతన్ని 80 ఆటలకి సస్పెండ్ చేస్తున్నట్లు ప్రకటన వచ్చింది. పరీక్షలో దొరికిన మందు పేరు క్లోమిఫీన్.

ఈ పేరు మనలో కొందరికి కొత్త కాదు. పిల్లలు కలగని దంపతులకి డాక్టర్లు రాసే మందు ఇది. స్త్రీలలో అండం విడుదల కావడానికి ఇస్తారు. మగవాళ్ళ విషయంలో, ఒంట్లో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉందన్న భ్రమని మెదడుకి కలిగిస్తుంది. మెదడు పిట్యూటరీ గ్రంథిని తొందరపెడుతుంది. దాంతో వృషణాలు టెస్టోస్టెరాన్‌ని ఎక్కువగా తయారు చేస్తాయి. బిడ్డల కోసం పనికొచ్చే ఈ గుణమే, స్టెరాయిడ్లు వాడి మానేసినవాళ్ళు పడిపోయిన టెస్టోస్టెరాన్‌ని మళ్ళీ లేపుకోవడానికీ పనికొస్తుంది. నిషేధం అందుకే.

తానూ తన స్నేహితురాలూ బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నామనీ, తన దేశంలో డాక్టరు రాసిచ్చిన మందే వాడాననీ, సొంత విషయం కావడంతో జట్టుకి గాని ఆటగాళ్ళ యూనియన్‌కి గాని చెప్పలేదనీ మార్టినెజ్ ప్రకటన ఇచ్చాడు. అయినా శిక్ష శిక్షే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది.

తిలాపాపం తలా పిడికెడు

ఇంత కఠినం ఎందుకని అడగవచ్చు. వెనకటి సంగతి తెలిస్తే జవాబు దొరుకుతుంది. 1994లో ఆటగాళ్ళ సమ్మెతో వరల్డ్ సిరీసే రద్దయింది. ఆ ఏడు అందరికంటే ముందున్న మాంట్రియల్ ఎక్స్‌పోస్ ఆశలు అక్కడితో ఆఖరు. అలిగి వెళ్ళిన జనాన్ని తిరిగి తెచ్చినవి 1998లో మార్క్ మెక్‌గ్వైర్ కొట్టిన 70 హోమ్ రన్లు, సామీ సోసా కొట్టిన 66. కండలు ఎలా వచ్చాయని లీగు గట్టిగా అడగలేదు, యూనియన్ పరీక్షలకి ఒప్పుకోలేదు, చూసేవాళ్ళం చప్పట్లు కొట్టాం.

2003లో పేర్లు బయటపెట్టకుండా పరీక్షలు చేస్తే 5 శాతానికి మించి దోషులు తేలారు. 2005లో మొదటి తప్పుకి 10 రోజుల సస్పెన్షన్ పెట్టారు. 2006 నుంచి అది 50 ఆటలు, 2014 నుంచి 80 ఆటలు. రెండోసారి పట్టుబడితే 162 ఆటలు, అంటే పూర్తి సీజను. మూడోసారికి శాశ్వత బహిష్కారం. శిక్షాకాలంలో జీతం ఉండదు, ఆ ఏడాది ప్లేఆఫ్‌లలో చోటూ ఉండదు. ఒలింపిక్ క్రీడల్లో రెండు నుంచి నాలుగేళ్ళు పడే శిక్షతో పోలిస్తే ఇది తక్కువే.

ఈ నియమంలో మొదట చూసేది ఒంట్లో ఏముందన్నది. ఎందుకు వేసుకున్నావన్నది ఆ తరువాతి మాట. డాక్టరు చీటీ చూపిస్తే చాలునంటే రేపు ప్రతివాడి దగ్గరా చీటీ ఉంటుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు 9.79 సెకన్లలో పరుగెత్తి, మూడు రోజుల్లో స్వర్ణపతకం పోగొట్టుకున్న మన బెన్ జాన్సన్‌కి స్టెరాయిడ్లు ఇచ్చినదీ డాక్టరే. 1989లో డూబిన్ విచారణ ఆ సంగతి బయటపెట్టింది. గెలిచిన రోజు ‘కెనడా వీరుడు’ అన్నవాళ్ళే పట్టుబడ్డాక ‘జమైకా నుంచి వచ్చినవాడు’ అన్నారని అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు. వలసవచ్చిన మనకి ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది.

నియమం లేని కాలంలో ఆడినవాళ్ళు సుఖపడ్డారా అంటే అదీ లేదు. 1997, 1998లలో టొరాంటోకి ఆడి రెండుసార్లూ సై యంగ్ అవార్డు అందుకున్న రోజర్ క్లెమెన్స్ పేరు 2007లో మిచెల్ నివేదికలో వచ్చింది. ఆయన కాదన్నాడు. అబద్ధమాడాడన్న కేసులో 2012లో జ్యూరీ నిర్దోషి అంది. మందుల విషయంలో ఒక్క ఆటకి కూడా సస్పెండ్ కాలేదు. అయినా అనుమానం వదల్లేదు. శిక్షకైతే గడువు ఉంటుంది.

తలుపు ఉంది, తట్టాలి

నిజంగా జబ్బు ఉన్నవాడికి దారి లేకపోలేదు. నిషిద్ధమైన మందు చికిత్సకి అవసరమైతే ముందుగా అనుమతి కోరవచ్చు. అడిగిన ప్రతివారికీ దొరకదు. దొరకకపోతే వేరే మందు వెతుక్కోవచ్చు, లేదా ఆట ఆపి వైద్యం చేయించుకోవచ్చు. కాని అడగాలంటే నోరు విప్పాలి. 22 ఏళ్ళ మగపిల్లవాడు నాకు పిల్లలు కలగడం లేదని తన యజమానికి ఎలా చెబుతాడు? మన ఇళ్ళల్లోనూ ఆ మాట అత్తగారి దగ్గర దాస్తాం, స్నేహితుల దగ్గర దాస్తాం. ఆ కుర్రవాడి మౌనం మనకి తెలియనిది కాదు.

మన పిల్లలు మేజర్ లీగ్‌కి వెళ్ళకపోవచ్చు. కాని యూనివర్సిటీ జట్లలో ఆడేవాళ్ళకీ ఇక్కడ పరీక్షలు ఉన్నాయి. 2010లో వాటర్లూ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో 60 మందికి పైగా పరీక్ష చేస్తే తొమ్మిది ఉల్లంఘనలు తేలాయి. యూనివర్సిటీ ఆ ఏడాది జట్టు మొత్తాన్నే ఆపేసింది. ఏ తప్పూ చేయని పిల్లలూ ఇంట్లో కూర్చున్నారు.

ఇక మన సూట్‌కేసుల సంగతి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు పచ్చళ్ళతోపాటు దగ్గు మందు, జలుబు బిళ్ళలు, పేరు లేని లేహ్యాలు తెచ్చుకోవడం మన అలవాటు. 2019లో భారత క్రికెటర్ పృథ్వీ షాకి 19 ఏళ్ళ వయసులో ఎనిమిది నెలల సస్పెన్షన్ పడింది. కారణం దగ్గు మందులో ఉండే టెర్బ్యుటలిన్. తెలియక వాడాడని బోర్డు ఒప్పుకుంది, శిక్ష మాత్రం వేసింది.

కాబట్టి పోటీల్లో ఆడే పిల్లలున్న ఇళ్ళవారికి మూడు మనవులు. సీసా మీది బ్రాండు పేరు కాదు, లోపలి మందు పేరు చదవండి. గ్లోబల్ డ్రో అనే ఉచిత వెబ్‌సైటులో కెనడా మందుల వివరాలు దొరుకుతాయి గాని ఇండియా బ్రాండులు ఉండవు, అందుకని అసలు మందు పేరుతోనే వెతకాలి. కండలు పెంచే పొడులు కొనేముందు క్రీడల కోసం వేరుగా పరీక్షించిన ముద్ర ఉందా చూడండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, మావాడు పోటీల్లో ఆడతాడని ముందే చెప్పండి. చెప్పకపోతే మాకు తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంట్లో మాట. మొటిమలు పెరిగి, కోపం పెరిగి, కొత్త డబ్బా ఒకటి అలమారలో కనబడితే ‘ఎందుకు వేసుకున్నావురా?’ అని గద్దించేముందు ‘ఏం వేసుకున్నావు నాన్నా?’ అని అడుగుదాం. జవాబు చెప్పే ధైర్యం పిల్లలకి మన దగ్గరే రావాలి. అందరికీ పండగ శుభాకాంక్షలు.