మనకు రెండు కన్నులెందుకు?

పౌర్ణమి సాయంత్రం మైపాడు సముద్రతీరాన నిలబడి చంద్రోదయం చూచినవారికి ఒక సందేహం కలుగక మానదు. నీళ్లలోనుండి పైకి వచ్చేటప్పుడు ఇత్తడి పళ్లెమంత ఉన్న చంద్రుడు, అర్ధరాత్రికి నడినెత్తికి చేరేసరికి చిన్న గిన్నెంత ఎందుకవుతాడు?

చేయి బాగా చాచి, చిటికెన వేలి గోటితో చంద్రుణ్ణి కప్పి చూడండి. రెండు వేళలలోను అదే గోరు సరిపోతుంది. చంద్రుని సైజు మారలేదు. ఇంకా వింత ఏమంటే, ఉదయించే చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పటికంటే మనకు సుమారు 6,400 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటాడు. అంటే పిసరంత చిన్నగా కనబడాలి! కాగితాన్ని గొట్టంలా చుట్టి, చుట్టూ ఉన్న సముద్రం కనబడకుండా ఒక కంటితో చూస్తే, ఆ పళ్లెం చాలామందికి చిన్నదైపోతుంది. ఎందుకిలా జరుగుతుందన్న విషయంలో శాస్త్రజ్ఞులకు ఇప్పటికీ పూర్తి ఏకాభిప్రాయం లేదు. అయితే ఈ పొరపాటు కంటిలో కాదు, మెదడులో జరుగుతున్నదని మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

కంటి వెనుక తెరమీద పడే బొమ్మ ఫోటోవలె చదునైనది. ఎదుట నిలబడిన పిల్లవాడు, పొలం అవతలి తాటిచెట్టు ఆ తెరమీద ఒకే ఎత్తులో ఉండవచ్చు. అయినా మనం పొరబడము. దూరమెంత, పరిమాణమెంత అని లెక్క కట్టేది మెదడు. అందుకు దానికి దొరికే గొప్ప సహాయం రెండు కన్నులు. వాటి మధ్య ఎడం సుమారు 6 సెంటీమీటర్లు. కాబట్టి ఒక కన్ను చూచిన బొమ్మకు, రెండవ కన్ను చూచిన బొమ్మకు కొద్ది తేడా ఉంటుంది. ఆ తేడానుండే మెదడు లోతును గ్రహిస్తుందని 1838లో ఛార్లెస్ వీట్‌స్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అద్దాలతో చేసిన పరికరంద్వారా చూపించాడు. మీరు ఒక కన్ను మూసి సూదిలో దారం ఎక్కించి చూడండి, సంగతి తెలిసిపోతుంది.

ఈ సహాయం దగ్గరి వస్తువులకే ఎక్కువ. దూరం పెరిగేకొద్దీ ఆ తేడా మాయమవుతుంది. అప్పుడు మెదడు ఇతర గురుతులు వెదకుతుంది: ఒకదాని వెనుక ఒకటి ఉన్న చెట్లు, సన్నబడిపోయే రోడ్డు, మంచులో పలచబడిన రంగు. సముద్రంమీద ఇవేవీ సరిగా దొరకవు. అందుకే కృష్ణపట్నం రేవు బయట లంగరు వేసిన 200 మీటర్ల బొగ్గు ఓడను చూచి, అదేదో దగ్గరలోని పడవ అనుకుంటాము. ఒడ్డున నిలబడిన మనిషికి నీటి అంచు 5 కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఓడ అడుగుభాగం మునిగినట్టు కనబడితే, అది అంతకంటే అవతల ఉన్నదన్నమాట.

ఇదంతా మనం పుట్టుకతో నేర్చుకొని రాలేదు. లండనులో విలియం చెసెల్డెన్ అనే వైద్యుడు, చిన్ననాటినుండి శుక్లాలతో చూపులేని సుమారు 13 ఏళ్ల బాలునికి ఆపరేషను చేసి, ఆ వృత్తాంతం 1728లో ప్రకటించాడు. చూపు వచ్చిన కొత్తలో ఆ అబ్బాయికి ప్రతి వస్తువూ తన కన్నులను తాకుతున్నట్టే తోచిందట. తన గది ఇంటిలో ఒక భాగమేనని తెలుసు గాని, ఇల్లు గదికంటే పెద్దదిగా ఎలా కనబడుతుందో ఊహకు అందలేదట. మార్కు సువార్త 8వ అధ్యాయంలోని బేత్సయిదా గ్రుడ్డివాడు మొదట మనుషులను చెట్లవలె చూచిన సంగతి మన పాఠకులకు గుర్తు రావచ్చు.

ఇక్కడ తలిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన మాట ఒకటున్నది. బిడ్డకు మెల్లకన్ను ఉంటే అదృష్టమని మన ఊళ్లలో కొందరు సంతోషిస్తారు. అది చాలా నష్టం చేసే మాట. రెండు కన్నులు రెండు వైపులకు చూస్తే మెదడుకు పొందిక లేని రెండు బొమ్మలు వస్తాయి. గందరగోళం పడలేక అది ఒక కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. కన్ను బాగానే ఉన్నా దాని చూపు మందగిస్తుంది, లోతు తెలియడం పోతుంది. పసితనంలోనే ఈ సంబంధం ఏర్పడాలని పిల్లికూనలమీద పరిశోధించి చూపిన హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రజ్ఞులకు 1981లో నోబెల్ బహుమతి లభించింది.

నాలుగు నెలలు నిండిన తరువాత కూడా బిడ్డ చూపు ప్రక్కకు పోతుంటే కంటి డాక్టరుకు చూపించండి. పెద్దయితే అదే సర్దుకుంటుందని ఆగవద్దు. ఏడేళ్లలోపు వైద్యం బాగా పనిచేస్తుంది, తరువాత కష్టమవుతుంది. కొందరు పిల్లలకు కన్నులు తిన్నగానే ఉండి, ఒకదానికి మాత్రం పవర్ చాలా ఎక్కువ ఉంటుంది. అది ఎవరికీ తెలియదు. ఒక్కొక్క కంటిని అరచేతితో మూసి చూడండి. ఒక కన్ను మూసినప్పుడు ఊరకుండి, రెండవది మూయగానే ఏడ్చి మీ చేయి తోసివేస్తే అనుమానించవలసిందే. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలలలో జరిగే పరీక్షలలో చూపు కూడా ఉన్నది.

వైద్యమంటే చాలామందికి కళ్లజోడు, దానితోపాటు మంచి కంటిమీద రోజుకు కొన్ని గంటలు పట్టీ. ఆపరేషను కంటిని తిన్నగా చేస్తుంది గాని, మందగించిన చూపును ఒంటరిగా తేలేదు. పట్టీ వేయించడం తల్లికి రోజూ ఒక యుద్ధమే. జోడుమీద అంటిస్తే పిల్లలు ప్రక్కనుండి తొంగి చూస్తారు, కనుక చర్మానికే అంటించాలి. ఎన్ని గంటలో డాక్టరే చెప్పాలి. మంచి కన్నుకదా అని ఎక్కువసేపు మూసినా ప్రమాదమే. ఆ సమయంలో ఊరకే కూర్చోబెట్టక బొమ్మలకు రంగులు వేయించడం, పూసలు గ్రుచ్చించడం, బియ్యంలో రాళ్లు ఏరించడం వంటి దగ్గరి పని ఏదైనా ఇవ్వండి.